అయ్యగారి బండికి పట్టిన దయ్యం

బ్రూస్‌పేట, బళ్లారి
సోమవారం

ప్రియమైన నాయనకు,

నీ కూతురు యూనీస్ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. ఇక్కడ అవ్వా నేనూ ఆయన దయవల్ల బాగున్నాం. నువ్వు కూడా బాగుండాలని అవ్వ రెండు పూటలా ప్రార్థన చేస్తోంది. అందులో నీ పేరు ముందు, నీ టిప్పరు నంబరు తర్వాత చదువుతోంది. ఈ ఉత్తరం చదివాక కూడా నువ్వు బాగుంటావని మాత్రం నేను మాటివ్వలేను. కాబట్టి కూర్చొని చదువు. స్టీరింగు మీద పెట్టుకొని చదవొద్దు. నీకు ఆ అలవాటుంది.

ఫోన్లో అయితే రెండో నిమిషానికే అరుస్తాననీ, చెప్పేదేదో కాగితం మీద రాస్తే చెయ్యి నొప్పి పుట్టేసరికి సగం కోపం దిగుతుందనీ నువ్వే అన్నావు. ఇప్పటికి నాలుగు కాగితాలు చించాను. చెయ్యి నొప్పి పుట్టింది. కోపం దిగలేదు. ఈసారి ఆ కోపం ఎక్కువగా నా మీదే కాబట్టి దాన్ని ఎక్కడ దించాలో కూడా తెలియడం లేదు.

గురువారం అందిన నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. వరుసగా జవాబిస్తాను.

మొదటిది అవ్వ మోకాలు. అంట్లు తోమాల్సి వచ్చినప్పుడు మాత్రమే నొప్పిగా ఉంది. చర్చికి నడిచే పోతోంది. ఆటో ఎక్కమంటే ఎక్కదు. ఆటోవాడు ఒకసారి "ముసలమ్మా, సరిగ్గా కూచో" అన్నాడట. వాడి ముందు ఆటో లేకుండానే చర్చికి చేరి చూపించాలని పంతం.

రెండోది, గాదిలింగప్ప షాపులో నన్ను మర్యాదగా చూస్తున్నారా అని. గాదిలింగప్ప చూస్తున్నాడు. వచ్చేవాళ్ల సంగతే చెప్పాలి. మొన్న ఎమ్మిగనూరు నుంచి ఒకాయన కారు తెచ్చాడు. హెడ్‌లైటు వెలగడం లేదు.

"మేస్త్రి యాడమ్మా?" అన్నాడు.

"నేనే."

"నువ్వు కాదు తల్లీ, వైరింగు చూసే మనిషి. మగోళ్లెవరూ లేరా?"

"ఉండాడు. టీ తాగను పోయినాడు. ఆయప్ప వచ్చినా నన్నే పిలుస్తాడు."

నమ్మలేదు. స్టూలు మీద అరగంట కూర్చున్నాడు. గాదిలింగప్ప వచ్చి, బానెట్ కూడా ఎత్తకుండా, "పాపా, ఈ యజమానుని బండి స్వల్ప నోడు, కొంచెం చూడు" అన్నాడు. నేను స్క్రూడ్రైవరు తీసుకొని లేచాను. ఫ్యూజు. ఒక్క నిమిషం పని. ఆ అరగంట ఎవరు తిరిగిస్తారని అడిగితే గాదిలింగప్ప నన్ను లోపలికి పంపేశాడు.

మూడోది, "ఈ కారు హ్యాకింగు ఏంది, పోలీసులొస్తారా?" అని. దీనికి కొంచెం వివరంగా రాయాలి. నీకు అర్థమవుతుంది. షోరూములో టై కట్టుకున్నవాడికి అర్థం కాలేదు, అది వేరే సంగతి.

మీ గనిలో టిప్పర్లన్నిటికీ వాకీటాకీలు ఉన్నాయి కదా. అందరిదీ ఒకే చానలు. పైన డంపు దగ్గర ఒకడు "దారి ఖాళీ" అంటే కింద ఇరవైమంది వింటారు. ఎవరికి అవసరమో వాళ్లు కదులుతారు. మిగతావాళ్లు బీడీ తాగుతారు. ఇప్పటి కార్లలో లోపల సరిగ్గా ఇదే జరుగుతుంది. పురి పెట్టిన రెండు సన్నని వైర్లు బండంతా తిరుగుతాయి. లాకు ఒక పెట్టె, వైపరు ఒక పెట్టె, మీటరు ఒక పెట్టె, బ్రేకు ఒక పెట్టె, అన్నీ ఆ రెండు వైర్లకే తగిలించి ఉంటాయి. ఒకటి అరిస్తే అన్నీ వింటాయి. అరుపుకు ఒక నంబరు ఉంటుంది. ఎవరు అరిచారో మాత్రం ఉండదు. ఎవడైనా గొంతు మార్చి "నేను సూపర్‌వైజర్ని, వెనక్కి రండి" అంటే మీరు వెనక్కి పోరా? పోతారు. కారు కూడా పోతుంది. లక్షలు పోసి కొన్న కారు "నువ్వెవరు?" అని ఒక్క మాట అడగదు. ఇది తెలిసిన రోజు నాకు అన్నం దిగలేదు, నాయనా. అంత కోపం వచ్చింది.

నేను నేర్చుకునేది ఇదే. ఎవడు ఎట్లా అరవగలడో తెలిస్తే, వాడిని ఆపడమూ తెలుస్తుంది. దీనికి బెంగళూరులో ఒక ట్రైనింగు ఉందని ఫోన్ చేస్తే, బీఈ చదవలేదా, మరి ఎందుకు ఫోన్ చేశారని అడిగింది ఒకామె. ఎందుకు చేశానో నాలుగు ముక్కల్లో చెప్పి పెట్టేశాను. తర్వాత పాత సామాన్ల గుజరీలో యాక్సిడెంటు కారు మీటరు బోర్డు ఒకటి కొన్నాను. పాత బ్యాటరీ, అరచేతిలో సగం ఉండే ఒక చిన్న బోర్డు, ఫోన్లో వీడియోలు, మన వంటింటి బల్ల. మూడు వారాలు ఆ మీటరు నన్ను పట్టించుకోలేదు. తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం ముల్లు సున్నా నుంచి నూట నలభైకి లేచి నిలబడింది. ఇంజను లేదు, చక్రాలు లేవు, రోడ్డు లేదు. వంటింట్లో నూట నలభై. అవ్వ చేతిలో పప్పుగరిటె పట్టుకొని చూసి, "నిదానంగా పోనీ పాప, రసం పొంగుతాది" అంది.

పోలీసులు రారు. మన సొంత మీటరు, మన సొంత బల్ల. అంతవరకు తప్పు లేదు.

నాలుగో ప్రశ్న పెద్దది. నెహెమ్యా మామకు ఏమైంది, మళ్లీ మందు మొదలుపెట్టాడా, సంఘం బండి డ్రైవరు పని నీకు ఖాయమేనా, గనిలో కాంట్రాక్టరుకు మానేస్తానని చెప్పేయవచ్చునా, అని అడిగావు. పెద్ద ఎర్ర పెట్టె ఒకటి కొన్నానని కూడా రాశావు. ఆ ముక్క నేను ఒక్కసారే చదివాను. అవ్వ ఉత్తరాన్ని నా చేత మూడుసార్లు చదివించుకున్నా ఆ చోట దాటేశాను. దీనికి జవాబు కావాలంటే ముందు మన పాస్టరు అయ్యగారి బండికి దయ్యం పట్టిన సంగతి తెలియాలి. చివరి పేజీ తిప్పి చూడొద్దు.

మొన్న గురువారం కాదు, దాని ముందు గురువారం మిషన్ స్కూలు లెక్కల టీచరమ్మను భూస్థాపన చేశారు. నన్ను ఏడో తరగతిలో బల్ల ఎక్కించి నిలబెట్టిన ఆమే. నాకు షాపులో పని ఉండి పోలేదు. అవ్వ పోయింది. సమాధుల తోట గేటు దగ్గర అయ్యగారు తిరిగే సంఘం బండి పెట్టి నెహెమ్యా మామ నీడన నిలబడ్డాడు. అయ్యగారు వాక్యం తెరిచి నోరు విప్పారో లేదో బండి హారన్ మూడుసార్లు మోగింది. చిన్నగా కాదు, ఘాట్ రోడ్డు మలుపులో లారీకి కొట్టినట్టు. వైపర్లు ఎండిన అద్దం మీద కిర్రు కిర్రున ఊగాయి. హెడ్‌లైట్లు వెలిగి ఆరాయి. మామ పరుగెత్తాడు. తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది. బండిలో ఎవరూ లేరు.

పదిహేను నిమిషాలకు, శవపెట్టె దించుతుంటే, మళ్లీ మూడు హారన్లు. సంఘ పెద్ద జాబెజ్ గారు గడియారం చూసుకున్నారు. ఆయన బ్యాంకులో రిటైరైన మనిషి, నీకు తెలుసు. ప్రసంగం ఎన్ని నిమిషాలైందో కూడా అయ్యగారికి ఆయనే చెప్తారు. మూడోసారి పిడికెడు మన్ను వేసేటప్పుడు మోగింది.

"సరిగ్గా కాలు గంట, పదైదు నిమిషాలు. గడియారం చూసి కొడతాండాడు," అన్నారట జాబెజ్ గారు.

"నేను ముట్టుకోలేదు సార్. చెవి ఈడ ఉండాది, చూడండి."

"నోరు తెరువు నెహెమ్యా."

నాయనా, ఆ సమాధి పక్కన నలభైమంది ముందు మామ నోరు తెరిచాడు. జాబెజ్ గారు వంగి వాసన చూశారు. సోంపు వాసన వచ్చిందట. వాసన కప్పడానికే సోంపు తిన్నాడని తేల్చారు. నాలుగేళ్లుగా ఆయన భోజనమయ్యాక సోంపు తింటున్నాడు. ఆ మందు మానినప్పటి నుంచే తింటున్నాడు.

తిరిగి వస్తే అయ్యగారి ఇంటి ముందు నాలుగు డోర్లూ టక్కున వాటంతటవే లాకయ్యాయి. అయ్యగారు దిగలేదు. పక్కనున్న గొళ్లెం ఎత్తితే తెరుచుకుంటుందని ఆయనకు తోచలేదు. సీట్లోనే కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టారు. వాకిట్లోంచి ఆయన భార్య, మన అమ్మగారు, చూసి, లోపల ఏదో ఉంది కాబట్టే ఈయన ప్రార్థిస్తున్నారనుకున్నారు. మామ బ్యాటరీ వైరు పీకేస్తే గానీ బండి నోరు మూయలేదు. సాయంత్రానికి సంఘం రెండు ముక్కలైంది. సగం మంది దయ్యం అన్నారు. సగం మంది మందు అన్నారు.

అవ్వ ఇదంతా ఆ రాత్రి నాకు అన్నం పెడుతూ చెప్పింది. "కాలు గంటకోసారి పాప, కోడి కూసినట్టు" అంది. నేను ముద్ద వదిలేసి లేచి నా సంచి తిరగేశాను.

దయ్యం కాదు, నాయనా. మందూ కాదు. నేను.

ఆ గురువారమే, భూస్థాపనకు ముందు, సంఘం బండి హారన్ సరిగ్గా పలకడం లేదని షాపుకు వచ్చింది. హారన్ మార్చాను. మామ అటు బజారుకు పోయాడు. బండి నా ముందు ఊరికే నిలబడి ఉంది. వంటింటి మీటరుతో ఎన్నాళ్లు ఆడతాం. స్టీరింగు కింద మెకానిక్కులు కంప్యూటరు తగిలించే సాకెట్టు ఉంటుంది కదా, అందులో నా బోర్డు పెట్టిన నల్ల డబ్బాను గుచ్చాను. హారన్ కొట్టాను, వైపరు వేశాను, లైటు వేశాను, లాకు నొక్కాను. ఆ వైర్లలో ఎవరు ఏమని అరిచారో డబ్బా రాసుకుంది. తర్వాత అదే అరుపు డబ్బా చేత అరిపించాను. బండి నమ్మింది. నాయనా, చెయ్యి పెట్టకుండా వైపర్లు ఊగాయి. నేను షాపులో ఒక్కదాన్నే గంతులేశాను. ఆగి ఉన్న బండి ఎంతసేపటి తర్వాత వింటుందో చూద్దామని గంట ఆగి మొదలుపెట్టి, పదిహేను నిమిషాలకోసారి అరవమని డబ్బాకు చెప్పాను. బ్రేకు, స్టీరింగు జోలికి మాత్రం పోలేదు. అంత బుద్ధి ఉంది.

అంతలో మామ వచ్చి, "పాపా, అయ్యగారికి ఆలస్యమైతాండాది, ఈ పొద్దుకు చాల్లే" అని చెవి తిప్పి వెళ్లిపోయాడు. డబ్బా బండిలోనే పోయింది. సంచిలో వేసుకున్నాననే అనుకున్నాను. బండి ఆఫ్ చేసినా ఆ సాకెట్టుకు కరెంటు వస్తూనే ఉంటుంది. అది నాకు తెలుసు. టీచరమ్మకు పాపం తెలియదు.

ఆ వీడియోలన్నిటిలో మొదటి ఐదు నిమిషాలు ఒకే సంగతి ఉంటుంది. ఇతరుల బండిని వాళ్లను అడగకుండా ముట్టుకోవద్దు, రోడ్డు మీద తిరిగే బండి మీద నేర్చుకోవద్దు, పని అయ్యాక తగిలించినవన్నీ లెక్కపెట్టి తీయి, అని. నేను ప్రతి వీడియోలోనూ ఆ ఐదు నిమిషాలు ముందుకు జరిపేశాను. నీతులు ఆదివారం చర్చిలో వింటున్నాను కదా, మళ్లీ ఇక్కడెందుకు అనుకున్నాను.

మర్నాడు శుక్రవారం పొద్దున స్త్రీల కూడిక వాళ్లు చర్చి కాంపౌండులో బండికి బ్యాటరీ మళ్లీ తగిలించి, చుట్టూ చేరి ప్రార్థన పెట్టారు. నేనూ పోయాను. డ్రైవరు వైపు డోరు తీసి మోకాళ్లూని, తల స్టీరింగు కిందికి దూర్చాను. డబ్బా గట్టిగా ఇరుక్కుంది. నేను గుంజుతుంటే భుజాలు అదురుతున్నాయి. వెనక నుంచి అమ్మగారు చూసి, ఈ పిల్లకు ఎంత ప్రార్థన భారముందో అని నా వీపు మీద చెయ్యి పెట్టారు. తర్వాత ఇంకో చెయ్యి పడింది. మొత్తం ఆరేడు చేతులు. తల బయటికి తీయడానికి లేదు. డబ్బా ఊడి ఒళ్లో పడింది. చున్నీలో చుట్టుకున్నాను. వాళ్లు గంటసేపు ఆపలేదు. అంతసేపూ నా ముక్కు క్లచ్చి పెడలుకు ఆనుకొని ఉంది. కాలు గంట దాటింది, అరగంట దాటింది. బండి పలకలేదు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. పెడలు మీది దుమ్ము కళ్లలో పడింది.

ఆ సాయంత్రం నిజం చెప్పేయాలనే బయల్దేరాను. ఒట్టు. చర్చి పక్కగది, వెస్ట్రీ తలుపు దాకా పోయాను. లోపల కమిటీ కూర్చుంది. జాబెజ్ గారి గొంతు వినపడింది: "నెహెమ్యాను తీసేద్దాం. ప్రార్థన ఎట్లాగూ అయింది, రెండు జాగ్రత్తలూ ఉండనీ. దేవకుమార్‌ను పిలిపిద్దాం. ఆయప్ప ఒడిశా పోయి ఆరేండ్లాయె. తల్లి లేని పిల్లతో ఆ ముసలామె ఒక్కతే పడుతాండాది."

నేను తలుపు కొట్టలేదు. వెనక్కి తిరిగాను. బజారులో మిరపకాయ బజ్జీ, బొరుగులు కట్టించుకొని ఇంటికొచ్చి అవ్వతో కూర్చొని తిన్నాను. నువ్వు వస్తున్నావని అవ్వకు నేనే చెప్పాను. అవ్వ మోకాలి నొప్పి మరిచిపోయి నీ ట్రంకు పెట్టె అటక మీద నుంచి దించింది.

ఇంతవరకు చెప్పింది తప్పు మాత్రమే. ఇప్పుడు చెప్పేది సిగ్గు. తొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను. షాపులో స్క్రూ ఒకటి తక్కువైతే ఊరంతా వినేలా అరిచే నేను. బండి పలకకపోవడంతో ప్రార్థన పని చేసిందని అమ్మగారు, మామను తీసేయడమే పని చేసిందని జాబెజ్ గారు, ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. నువ్వు ఎర్ర పెట్టె కొన్నావు. నేను ఒక్క మాట అనకపోతే ఇంత మంది బాగుంటారు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మామను ఆ లెక్కలో చేర్చలేదు.

మంగళవారం మామ షాపుకు వచ్చాడు. స్టూలు మీద కూర్చోలేదు.

"పాపా, హారన్ నువ్వే మార్చినావు కదా. యాడన్నా వైరు వైరూ తగులుతాండెనేమో. అట్ల ఉండొచ్చని ఒక కాగితం మీద రాసిస్తావా? పెద్దోళ్లకు చూపిస్తా."

"చూసి చెప్తా మామా," అన్నాను.

"నీ మాట వింటారు. నువ్వు చదివిన పిల్లవి. నా మాట ఇంట్లో కూడా చెల్లల్యా. దినామూ సాయంకాలం మా ఇంటామె నా నోరు వాసన చూసినంకనే అన్నం పెడతాండాది."

ఆ మాట నవ్వుతూనే చెప్పాడు. పోయేముందు ఇంకో మాట అన్నాడు. "పోనీలే. ఆ పని దేవకుమార్‌కు వచ్చిందంట. ఇద్దరమూ ఒకే లారీ మీద క్లచ్చి నేర్చినోళ్లం. వేరే ఎవడికో పోకుండా వానికే వచ్చింది. అదొక్కటి బాగుంది."

నువ్వు నా పక్కన ఉండి ఉంటే అప్పుడే ఏదో ఒకటి విసిరేసేదాన్ని. కారు ఎవరు అరిచినా నమ్ముతుంది. మన సంఘం నాలుగేళ్లు మందు ముట్టని మనిషి కన్నీళ్లతో చెప్పినా నమ్మలేదు. రెండూ ఒక్క రోజే చూశాను.

నిన్న ఆదివారం కృతజ్ఞతల ఆరాధన. సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేవవచ్చు అన్నారు అయ్యగారు. అమ్మగారు లేచి బండిలోంచి అపవాది, అదే ఆ దయ్యం, పోయిన సంగతి చెప్పి కూర్చున్నారు. జాబెజ్ గారు లేచి, సంఘంలో క్రమశిక్షణ ఉంటే అపవాదికి చోటుండదని చెప్పారు. క్రమశిక్షణ అన్నప్పుడు చివరి బెంచీ వైపు చూశారు. అక్కడ మామ ఉన్నాడు. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడు.

నేను లేచాను. అవ్వ చీరకొంగు సర్దుకొని, నీ కోసం సాక్ష్యం చెప్తానేమోనని ముందే కళ్లు తుడుచుకుంది.

"అది దయ్యం కాదు. నెహెమ్యా మామ తాగనూ లేదు. నా డబ్బా బండిలో మరిచిపోయినా. అది మోగించింది," అన్నాను.

ముందు బెంచీలవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"కూచో పాపా," అన్నారు జాబెజ్ గారు మెత్తగా. "నీ మనసు మాకు తెలుసు. వాని మీద జాలితో చెప్తాండావు."

"నాకు జాలి లేదు సార్. ఎవర్నన్నా అడగండి."

ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో, "అది నిజమే, ఆ పిల్లకు జాలి లేదు," అన్నారు. ఇంకో ఇద్దరు అవునన్నారు. నా మంచి పేరు మొదటిసారి ఉపయోగపడింది.

అయినా నమ్మలేదు. ఇంత పెద్ద బండిని అంత చిన్న డబ్బా ఎట్లా ఆడిస్తుందని అడిగారు. చేసినదాన్ని ఒప్పుకోవడానికి కూడా రుజువు తెమ్మన్నది మన సంఘం ఒక్కటే అయి ఉంటుంది. నేను సంచిలోంచి డబ్బా తీశాను. "అయ్యగారూ, మీ బండిని ముట్టుకోవచ్చునా? అందరి ముందూ అడుగుతాండా," అన్నాను. శనివారం కూర్చొని ఆ ఐదు నిమిషాలూ అన్ని వీడియోలలోనూ చూసి వచ్చాను.

ఆయన సరేనన్నారు. ఆరాధన మధ్యలో సంఘమంతా కాంపౌండులోకి వచ్చింది. నేను డబ్బా గుచ్చి, దూరంగా నిలబడి, చేతులు పైకెత్తి చూపించాను. మూడు హారన్లు. వైపర్లు. లైట్లు. లాకు. అమ్మగారు ఒకడుగు వెనక్కి వేసి మళ్లీ ప్రార్థన మొదలుపెట్టబోతే అయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన ముందుకొచ్చి, "డోరు లోపల్నుంచి ఎట్లా తీయాలో కొంచెం చూపించమ్మా," అని మెల్లగా అడిగారు.

అప్పుడు మామ వచ్చాడు. నన్ను చూశాడు. "తొమ్మిది రోజులు, పాపా," అన్నాడు. అంతే. జాబెజ్ గారి దగ్గరికి పోయి, అందరి ముందూ నోరు తెరిచి నిలబడ్డాడు. జాబెజ్ గారు గడియారం చూసుకున్నారు. చివరికి "తప్పయింది నెహెమ్యా," అన్నారు. మామ నోరు మూసి, బండెక్కి, స్టీరింగు తుడవడం మొదలుపెట్టాడు. నాతో ఇంకా మాట్లాడలేదు. ఆయన ఇంటామె మాట్లాడింది. ఏం మాట్లాడిందో రాయను, ఈ కాగితాన్ని నువ్వు అక్కడ ఎవరికైనా చదివి వినిపిస్తావు.

సాయంత్రం కమిటీ నన్ను పిలిచింది. మినిట్స్ పుస్తకంలో ఏం తప్పు కింద రాయాలో వాళ్లకు తోచలేదు. దొంగతనమా అంటే ఏమీ ఎత్తుకుపోలేదు. అల్లరా అంటే నాకు ఇరవై మూడేళ్లు. మంత్రవిద్య అని ఒకరన్నారు, నేను చూసిన చూపుకు వెనక్కి తీసుకున్నారు. చివరికి అయ్యగారు అన్నారు, "ఈ పిల్ల వేరేవాళ్ల గొంతుతో బండికి అబద్ధం చెప్పింది. బండి నమ్మింది. దానివల్ల ఒక మనిషి నిందపడ్డాడు. ఇది తొమ్మిదో ఆజ్ఞ, అబద్ధ సాక్ష్యం." నాయనా, నేను చూసిన ఒక్క వీడియోలోనూ ఎవరూ దీన్ని ఇంత తేటగా చెప్పలేదు. ఆ మాట ఆయనతో అంటే సంతోషించారు. కానీ శిక్ష తగ్గించలేదు. మూడు నెలలు నాకు ప్రభు బల్ల లేదు, రొట్టె ద్రాక్షారసం ముట్టకూడదు. చర్చికి రావాలి, వెనక కూర్చోవాలి.

గాదిలింగప్పకు ఈ పొద్దున నేనే చెప్పాను. ఆయన షాపుకు మాట తెచ్చాను కదా. చాలాసేపు తిట్టాడు, సగం కన్నడంలో, ఎందుకంటే తెలుగులో చాలలేదు. డబ్బా తీసుకొని గల్లాపెట్టెలో పెట్టి తాళం వేశాడు. టీ తాగి వచ్చి మళ్లీ తీసిచ్చాడు. "గిరాకీని అడక్కుండా గుచ్చితే కెలస లేదు, మనెగె హోగు, ఇంటికి పో. అడిగి గుచ్చితే నేనే పక్కన నిలబడతా," అన్నాడు. మధ్యాహ్నానికి ఇద్దరు వచ్చి మా బండిలో కూడా అట్లాంటి డబ్బా ఏదైనా ఉందేమో చూడమన్నారు. ఇద్దరి చేతా కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను.

ఇప్పుడు నీ నాలుగో ప్రశ్న. నెహెమ్యా మామ మందు మొదలుపెట్టలేదు. నేటి నుంచి మళ్లీ బండి ఆయనదే. డ్రైవరు పని నీకు లేదు. వచ్చిన పనిని నేనే పోగొట్టాను, వచ్చేలా చేసిందీ నేనే. కాంట్రాక్టరుకు చెప్పొద్దు. నిన్న మూడుసార్లు చేశాను, నీ ఫోన్ కలవలేదు. మీ సైటు ఆఫీసుకు చేసి "దేవకుమార్‌ను పని మానొద్దనండి" అని చెప్పాను. అక్కడి గుమాస్తాకు హిందీ ఒక్కటే వచ్చు, నాకు కోపం ఒక్కటే వచ్చు. నీకు ఏమని చేరిందో తెలియదు. అందుకే ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

నువ్వు వస్తావని ఆరేళ్లుగా అవ్వ చూస్తోంది. నేనూ చూస్తున్నాను, చెప్పలేదంతే. ఆ తొమ్మిది రోజులూ నువ్వు వాకిట్లో చెప్పులు విప్పడం కూడా అనుకొని చూసుకున్నాను. కానీ నువ్వు వచ్చి నెహెమ్యా మామ సీట్లో కూర్చుంటే, నువ్వు సోంపు డబ్బా చూసిన ప్రతిసారీ నేను తల దించుకోవాలి. నీ ముందు తల దించుకొని బతకడం నాకు రాదు. అవ్వకు నిన్ననే చెప్పాను. నీ ట్రంకు పెట్టె అవ్వ మళ్లీ అటక మీద పెట్టనివ్వలేదు. నాతో మాట్లాడటం లేదు, పెట్టె మీద కూర్చుంటోంది.

ఇంకొక్కటి ఉంది. మూడు నెలలయ్యాక, డిసెంబరు మొదటి ఆదివారం, నన్ను బల్లకు తిరిగి చేర్చుకుంటారట. ఆ రోజు ఇంటి పెద్దవాళ్లు ఒకరు నా పక్కన ముందుకొచ్చి నిలబడి, ఈ బిడ్డకు నేను పూచీ అని సంఘం ముందు చెప్పాలి. అది మన సంఘంలో పాత పద్ధతి. అవ్వను అడిగాను. "అయ్యగారి బండిలో దయ్యాన్ని పెట్టిన దాని పక్కన నేను నిలబడను. దాని నాయన్ను పిలిపించుకో," అంది. అమ్మ ఉంటే అమ్మ నిలబడేది. ఇప్పుడు నువ్వు తప్ప ఎవరూ లేరు.

కాబట్టి పని మానొద్దు, సెలవు పెట్టు. నాలుగు రోజులు చాలు. ఆ ఎర్ర పెట్టె ఖాళీగానే తెచ్చినా ఫరవాలేదు. ముందు రోజు వచ్చి తనివితీరా తిట్టు, ఉత్తరంలో తిట్టి ముగించేయొద్దు. మర్నాడు పొద్దున నా పక్కన నిలబడు. పూచీ అని చెప్పేటప్పుడు గట్టిగా చెప్పు, నెహెమ్యా మామ చివరి బెంచీలో ఉంటాడు, ఆయనకు వినపడాలి.

ఇట్లు,
నువ్వొచ్చేదాకా అవ్వ మౌనం, నెహెమ్యా అత్త నోరు రెండూ భరిస్తున్న
నీ కూతురు
యూనీస్